కదలెడు బండ్ల నడుమ వార్త

మా తరగతిలో లేఖారచనమునకు పది మార్కులు. విషయమెంత చక్కగా నున్నను, అక్షరములెంత గుండ్రముగా నున్నను, పైన కుడివైపున తేదీ లేని లేఖకు మేము రెండు మార్కులు తగ్గించుచుందుము. ఇది మిక్కిలి కఠినమని విద్యార్థులు గొణుగుకొనుట మేమెరుగుదుము. గడచిన సంవత్సరము తల్లిదండ్రుల సభలో ఒక తండ్రిగారు లేచి, "పండితులవారూ, ఒక్క తేదీకి రెండు మార్కులా?" అని నవ్వుచు నడిగిరి. అందరును నవ్విరి. మేమును నవ్వితిమి గాని సమాధానము చెప్పలేదు. ఈ సంచికకు ఏదేని వ్రాయవలసినదని సంపాదకవర్గము వారు కోరినప్పుడు ఆ ప్రశ్నయే మాకు జ్ఞప్తికి వచ్చినది. సమాధానము చెప్పుటకు కొంత చుట్టు తిరిగి రావలసియున్నది. బండ్లును, రేడియోలును, ఒక తుపానును నడుమ రాగలవు. చదువరులు ఓపిక పట్టుదురు గాక.

ఈ యేడు పాఠశాల తెరచిన రెండవ వారమున పూర్వవిద్యార్థి యొకడు మమ్ము చూడవచ్చెను. పదవ తరగతిలో ఛందస్సుకన్న సైకిలు డైనమోపై నెక్కువ మక్కువ గల బాలుడతడు. ఇప్పుడొక ఇంజనీరింగు కళాశాలలో పరిశోధన చేయుచున్నాడు. "దేనిని గూర్చి నాయనా నీ పరిశోధన?" అని అడిగితిమి. "రోడ్డుమీద పోవు బండ్లు తమలో తాము మాటలాడుకొనుటను గూర్చియండి, మాస్టారూ" అనెను. మేము తెలుగు చెప్పుకొని బ్రదుకువారము. యంత్రశాస్త్రము మా వృత్తి కాదు. అయినను అతడు ఓపికతో చెప్పగా మాకు బోధపడినంతవరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

మన జేబులలోని సెల్‌ఫోను మనకెదురుగా నున్న మనిషి ఫోనుతో మాటలాడవలెనన్నను, ముందుగా ఎక్కడనో యున్న టవరును చేరి, అచ్చటినుండియే తిరిగిరావలెను. ఈ బండ్ల మాటలకు టవరుతో పని లేదు. బండికొక చిన్న రేడియో యంత్రముండును. అడ్డములేని రోడ్డుపై దాని గొంతు సుమారు 300 మీటర్లు వినబడునని లెక్క వేసికొనవచ్చును. తానున్న చోటు, తన వేగము, తాను పోవు దిక్కు, బ్రేకు వేసెనా లేదా యను సంగతులను అది సెకనునకు పదిమారులు చెప్పుచుండును. మలుపునకు ఆవల ఏ లారీయో బోర్లపడినచో, ఆ వార్త ఈవలివారికి కంటికి కనబడకముందే చేరవలెనని ఉద్దేశము. వార్త 300 మీటర్లకు మించి పోవలసివచ్చినప్పుడు నడుమనున్న బండి దానిని విని ముందరి బండికి అందీయవలెను. అనగా ప్రతి బండియు బాటసారియు, తపాలా బంట్రోతును గూడ. వీరికి పోస్టుమాస్టరు లేడు, ఊరేది వీథియేది యను పట్టిక లేదు. కలిసినంతసేపు జాలము, విడిపోయినచో జాలము లేదు. ఇట్టిదానిని తాత్కాలిక జాలమందురట. వార్త ఏ చేతినుండి ఏ చేతికి పోవలయునో నిర్ణయించుటయే ఇందులోని పెద్ద చిక్కు. ఆ పిల్లవాని పరిశోధనయు దానిమీదనే.

మా ప్రక్కనే కూర్చుండియున్న గణితోపాధ్యాయులు వెంటనే సుద్దముక్క తీసికొని నల్లబల్ల యొద్దకు పోయిరి. వారికి అంకెలు వినబడినచో కూర్చుండలేరు. ఎదురెదురుగా గంటకు 80 కిలోమీటర్ల చొప్పున వచ్చు రెండు కార్లు ఒకదానినొకటి సమీపించు వేగము గంటకు 160 కిలోమీటర్లు. సెకనునకు 44 మీటర్ల పైచిలుకు. 300 మీటర్ల దూరమున మాట వినబడ మొదలై, దాటిన పిదప మరియొక 300 మీటర్లవరకు వినబడునేని, ఆ 600 మీటర్లు గడచుటకు పట్టు కాలము పదమూడున్నర సెకనులు. ఒకే దిక్కునకు 80, 70 వేగములతో పోవు బండ్లకైనచో అదే చెలిమి మూడు నిమిషముల 36 సెకనులు నిలుచును. "పదమూడు సెకనులలో పలకరింపులైన పూర్తికావు గదా!" యని మేమనగా, "మనుష్యులకు కావండి, యంత్రములకు చాలును. అయితే ఆ పదమూడు సెకనులలో ఎవరికి ఏమి ఇచ్చి పంపవలెనో తెలియవలెను" అని యా పిల్లవాడనెను.

కదలెడు బండినుండి వార్త పంపుట నిన్నమొన్నటి యూహ కాదు. 1977 నవంబరు 22వ తేదీన అమెరికాలో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు దక్షిణమునగల బేషోర్ రహదారిపై ఒక వ్యాను పోవుచుండెను. అది ఎస్.ఆర్.ఐ. యను పరిశోధనాసంస్థ వారిది. దానిలోనుండి రేడియో ద్వారా బయలుదేరిన సమాచారపు పొట్లములు నేలమీది అర్పానెట్ జాలమును చేరి, ఉపగ్రహము మీదుగా లండనునకు పోయి, మరల సముద్రము దాటి కాలిఫోర్నియాకే తిరిగివచ్చి గమ్యము చేరినవి. మూడు వేర్వేరు జాలములను వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనువారి నియమములచే ఒక్కటిగా కలిపి చూపిన ప్రయోగమది. నేటి ఇంటర్నెట్టు పుట్టుకలో దానినొక ముఖ్యఘట్టముగా చెప్పుదురు. అయితే ఆనాడు కదలినది వ్యాను మాత్రమే. దాని మాట విని అందించిన రేడియో స్థానములు నిలిచినచోటనే నిలిచియుండెను. ఇచ్చువాడును, పుచ్చుకొనువాడును, నడుమనున్నవారును అందరును పరుగులిడుచున్నప్పటి చిక్కు వేరు.

శిక్షణ కళాశాలలో మాకు నేర్పినవానిలో మేము నేటికిని మరువనిది ఒకటి కలదు. నోటితో చెప్పిన తెలియనిదానిని పిల్లలచేత ఆడించి చూపవలెను. కావున అతనిని వదలక, "మా తొమ్మిదవ తరగతి వారిచే దీనిని ఆడింపుము" అని పట్టుపట్టితిమి. ఆ సాయంకాలము ఆటస్థలమున సున్నముతో వీథులు గీసిరి. ఒక కొన వేపచెట్టు, రెండవ కొన గంటస్తంభము. నలువది మంది పిల్లలు నలువది బండ్లు. ఎవరి వేగమున వారు గీతలవెంట నడచుచుండవలెను, ఎవరును నిలువరాదు. చేయి చాచిన అందునంత దూరముననున్నవానికి మాత్రమే చీటి ఇయ్యవచ్చును. వేపచెట్టు కడనుండి గంటస్తంభమునకు చీటి చేరవలెను.

తొలిసారి, ముందు దారి కనుగొని తరువాత చీటి పంపుదమనిరి. "గంటస్తంభమునకు దారి యెవరికి తెలియును?" అను ప్రశ్న చెవినుండి చెవికి పోయెను, "మా మీదుగా రండి" అను జవాబు అదే వరుసలో వెనుకకు వచ్చెను. ఆరుగురితో చక్కని దారి యేర్పడినది. చీటి బయలుదేరి ఇద్దరిని దాటునప్పటికి మూడవవాడు మలుపు తిరిగి పోయియుండెను. చీటి పట్టుకొన్న పిల్లవాడు వాని వీపువైపు చూచుచు నడచిపోయెను. చార్లెస్ పెర్కిన్స్, ఎలిజబెత్ రోయర్ అనువారు 1999లో ప్రకటించిన ప్రసిద్ధమైన పద్ధతి ఇట్టిదేనట. 2003లో దానిని వివరించు పత్రము గూడ వెలువడినది. మెల్లగా నడచువారి నడుమ అది బాగుగనే పనిచేయును. రోడ్డుమీది బండ్లకు మాత్రము, జవాబు వచ్చులోపలనే దారి చెదరిపోవుచుండును.

రెండవసారి దారి మాట విడిచి, అందుబాటులో నున్నవారిలో గంటస్తంభమునకు ఎవరు చేరువగా నున్నారో వారికే ఇచ్చుచు పొమ్మనిరి. ఈసారి చీటి చిటికెలో సగము దూరము పోయినది. పిల్లలు కేకలు వేసిరి. అంతలో అది గ్రంథాలయపు గోడ ప్రక్కన నడచు నొక బాలుని చేతికి చిక్కెను. అందరిలోను గంటస్తంభమునకు వాడే దగ్గర. అయినను వానికిని స్తంభమునకును నడుమ ఎవరును లేరు, గోడ యున్నది. తనకన్న దగ్గరివాడు కనబడనందున వాడెవరికిని ఇయ్యలేకపోయెను. గమ్యమునకు మిక్కిలి చేరువకు వచ్చి చిక్కువడుట! బ్రాడ్ కార్ప్, కుంగ్ అనువారు 2000లో ఈ పద్ధతిని వెలువరించినప్పుడే దీనికి విరుగుడు గూడ చెప్పిరి. చీకటిలో గోడమీద కుడిచేయి ఆనించి తడుముకొనుచు పోయినట్లు, అడ్డము యొక్క అంచువెంట చీటిని త్రిప్పుకొని రావలెను. అయినను నగరములలో మేడలు అడ్డముగా నుండును గనుక, కాకి యెగిరిన దూరము వేరు, వీథి దూరము వేరు. 2003లో జర్మను పరిశోధకులు బెర్లిను వీథుల పటము పెట్టుకొని, ఏ కూడలినుండి ఏ కూడలికి పోవలెనో ముందుగా ఎంచుకొని ఆ వీథివెంటనే వార్త నంపుట మేలని చూపిరి. మన పల్లెలో "ఆ చింతచెట్టు దగ్గర ఎడమకు తిరుగుము" అని చెప్పువారికి ఈ సంగతి క్రొత్త కాదు.

మూడవ ఆటను గూర్చి పెద్దగా వ్రాయ పనిలేదు. చీటి చిక్కినవాడెల్ల నకళ్ళు వ్రాసి దొరికినవారికందరికిని ఇయ్యవచ్చుననిరి. అయిదు నిమిషములలో ఆటస్థలమంతయు కాగితములు, అరపులు. ప్రధానోపాధ్యాయులు కిటికీ తెరచి చూచిరి. శాస్త్రజ్ఞులు దీనికి 'ప్రసార తుపాను' అని పేరు పెట్టిరట. ఆ మాట వినినప్పుడు మా మనస్సు ఒక్క క్షణము మరియొక చోటికి పోయినది. అప్పుడేమియు అనలేదు.

నాలుగవ ఆటలో ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, ఆటకు తక్కువ పడినదని పిలిచినదానిని, మాకు మిక్కిలి ముచ్చట గొలిపెను. నియమమిది: ఇచ్చుటకు ఎవరును లేనిచో చీటిని పారవేయక చేతనుంచుకొని నీ దారిన నీవు నడువుము; ఎవరైన కలిసినప్పుడు ఇమ్ము. ఆమె అందరికన్న మెల్లగా నడచుచు, చీటిని గుప్పిట పట్టుకొని, ఎవరును కలియకున్నను బెదరక గ్రంథాలయము చుట్టి వచ్చినది. చీటి ఆలస్యముగా చేరెను గాని చేరెను. బస్సులు చేయదగిన పని ఇదియేనని మా శిష్యుడు చెప్పెను. మన పొరుగున కర్ణాటకములోని దొడ్డబళ్ళాపురము తాలూకాలో ఇట్లు నిజముగనే చేసిరి. బస్సుమీద రేడియో యంత్రమునమర్చిరి. బస్సు ఊరి చెంతకు రాగానే ఊరిలోని కంప్యూటరు భూమిపత్రములను గూర్చిన సమాచారమును దానికందీయును. బస్సు పట్టణమునకు పోయి అచ్చట దింపును. జవాబు మరుసటి రాకలో తెచ్చును. దానికి డాక్‌నెట్ అని పేరు. హిందీలో 'డాక్' అనగా తపాలాయే గదా! కాంబోడియాలోని రతనకిరి సీమలో ఈ పని మోటారుసైకిళ్ళు చేసినవి. ఈ పద్ధతిని వివరించు వ్యాసము 2004లో వెలువడినది.

అటుపిమ్మట అతడు రెండు చీటీల ఆట ఆడించెను. వేపచెట్టు కడనుండి ముందుగా "వంతెన తెరచియున్నది" అని యొకటి, కొంతసేపటికి "వంతెన మూసినారు" అని మరియొకటి పంపిరి. రెండును వేర్వేరు చేతుల మీదుగా పోయినవి. గంటస్తంభము కడనున్న బాలునకు "మూసినారు" అనునది ముందుగా చేరెను. ఆ మెల్లగా నడచు బాలిక "తెరచియున్నది" అనుదానిని వెనుక తెచ్చి యిచ్చెను. "అయితే వంతెన మూసి మరల తెరచినారన్నమాట" అని ఆ బాలుడు గట్టిగా ప్రకటించెను. పిల్లలందరును నవ్విరి. "చూచితిరా మాస్టారూ, చేరిన వరుస వేరు, పుట్టిన వరుస వేరు. అందుచేత ప్రతి వార్తకును పుట్టినచోటనే ఒక సంఖ్య వేయవలెనండి" అని మా శిష్యుడనెను. మేము వేపచెట్టు క్రింది బల్లపై కూర్చుంటిమి. అతడు మాకు ఎండ తగిలినదేమోయని మంచినీళ్ళు తెప్పించెను.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను మ్రింగిన తుపానును పెద్దలు మరచియుండరు. వేయిమందికి పైగా మరణించిరి. కొబ్బరితోటలు తోటలుగా నేలకొరిగెను. అప్పుడు మాకు పదునేడేండ్లు; రాజమహేంద్రవరమున హాస్టలులో నుండి ఇంటర్మీడియెటు చదువుచుంటిమి. మా ఊరు అమలాపురమునకు ఆవల, సముద్రమునకు చేరువ. టెలిఫోను తీగలు తెగెను. రోడ్లమీద చెట్లు అడ్డముగా పడియుండెను. బస్సులు లేవు. హాస్టలులోని కోనసీమ పిల్లలము ప్రతిదినము రోడ్డుమీదికి పోయి, ఆ దిక్కునుండి వచ్చు లారీల నాపి, తెలిసిన ఊరి పేరెల్ల అడుగుచుంటిమి. ఒక డ్రైవరు ఊరు లేదనును. మరియొకడు అదే ఊరిలో టీ త్రాగి వచ్చితిననును.

9వ తేదీ సాయంకాలము, సహాయపు సామగ్రి దింపి తిరిగివచ్చుచున్న లారీ డ్రైవరొకడు హాస్టలు గుమ్మములోనికి వచ్చి, మా పేరడిగి, మడచిన కాగితపు ముక్క నొకటి చేతిలో పెట్టెను. అన్నయ్య దస్తూరి. "నాయన జాడ తెలియలేదు. వెదకుచున్నాము." అంతే యున్నది. ఆ రాత్రి సంచి సర్దుకొంటిమి. రావులపాలెము వరకు ఏదైన లారీ దొరకునని, అచ్చటినుండి నడచిపోవచ్చునని తలచితిమి. 10వ తేదీ తెల్లవారగనే సంచి భుజమున వేసికొని గుమ్మము దాటుచుండగా, పాలవ్యానులోని కుర్రవాడు దిగివచ్చి మరియొక చీటి ఇచ్చెను. అదే దస్తూరి. "అందరమును క్షేమము. ఇల్లు పడిపోయినది. దారులు లేవు, నీవు రావలదు."

రెంటిమీదను తేదీ లేదు. మేము వానిని చేరిన వరుసలోనే చదివితిమి. నిన్న వెదకుచున్నామనిరి, నేడు క్షేమమనిరి. కావున నాయన దొరికినారు. ఇంతకన్న వేరుగా ఎట్లు చదువుదుము? సంచి లోపల పెట్టితిమి. వంట చేయు ముసలమ్మ ఆ వార్త విని కండ్లు తుడుచుకొని, ఆ పూట మాకు మారు వడ్డించినది. కడుపునిండ తింటిమి. మరునాడు తరగతికి గూడ పోయితిమి.

13వ తేదీన మా ఊరి మనిషి యొకడు సగము నడచియు సగము లారీలెక్కియు మా కొరకు వచ్చెను. అతడు చెప్పగా తెలిసినది. నాయన 6వ తేదీ సాయంకాలము తోటలోని పశువులను తోలుకొని వచ్చుటకు వెళ్ళిరి. గాలి హెచ్చగనే దాపుననున్న పినతండ్రిగారి ఇంట ఆగియుందురని ఇంటివారు తలచిరి. 7వ తేదీ ఉదయము అన్నయ్య అందరమును క్షేమమని వ్రాసి, అమలాపురము పోవు సైకిలు మనిషికిచ్చిరి. ఆ చీటి అచ్చటినుండి ఒక ట్రాక్టరువాని చేత కొత్తపేటకు వచ్చి, దారి లేక ఒక దుకాణములో రెండు రాత్రులు నిలిచి, రావులపాలెము చేరి, పాలవ్యాను ఎక్కి మాకు చేరినది. అది పుట్టిన మధ్యాహ్నమే, నాయన పినతండ్రిగారి ఇంటికి చేరలేదని తెలిసెను. 8వ తేదీ రాత్రి వ్రాసిన రెండవ చీటి నేరుగా సహాయపు లారీవాని చేతిలో పడి, మొదటిదానికన్న ముందు మాయొద్దకు వచ్చెను. 10వ తేదీ మధ్యాహ్నము కాలువ గట్టున నాయన శరీరము దొరికినది. 11వ తేదీ ఉదయమువరకు మా కొరకు చూచి, ఇక ఉంచుటకు వీలుకాక, పాతిపెట్టిరి. 10వ తేదీ ఉదయము గుమ్మమునొద్ద ఆగక పోయియుంటిమేని, ఆ రాత్రికి కాకున్నను తెల్లవారునప్పటికైనను చేరియుందుము.

చీటీలు చేతులు మార్చినవారిలో తప్పు చేసినవాడొక్కడును లేడు. కొత్తపేట దుకాణదారుడు ఆ కాగితమును తడియకుండ బియ్యపు డబ్బాలో దాచియుంచెనట. డ్రైవరు గాని, పాలవ్యాను కుర్రవాడు గాని ఒక్క రూపాయి అడుగలేదు. ఆ రెండు చీటీలును నేటికిని మా పెట్టెలో నున్నవి.

ఇక ఆ సంఖ్యల సంగతి. పెర్కిన్స్, ప్రవీణ్ భాగవత్ అనువారు 1994లో వెలువరించిన పద్ధతిలో, తన్ను చేరు దారిని గూర్చి చెప్పు ప్రతి వార్తకును గమ్యముననున్నవాడు తానే ఒక సంఖ్య వేయును. క్రొత్త వార్తకు క్రొత్త సంఖ్య, ఎల్లప్పుడును మునుపటిదానికన్న పెద్దది. పుచ్చుకొనువాడు చేరిన వేళను చూడడు. పెద్ద సంఖ్యను నమ్మి చిన్నదానిని విడిచివేయును. ఇందులో మాకు మిక్కిలి నచ్చినది మరియొకటి. గమ్యము తన నోట చెప్పినవి సరి సంఖ్యలు. దారి తెగినదని నడుమనున్నవాడు చెప్పవలసివచ్చినప్పుడు బేసి సంఖ్య వేయును. అనగా సంఖ్యను చూడగనే ఆ మాట సొంతవాని మాటయో, నడుమవాని మాటయో తెలిసిపోవును. "సంఖ్యయెందుకు, గడియారము చూచి వేళ వేసిన చాలదా?" అని మేమడిగితిమి. ఉపగ్రహముల సాయముతో వేళ తెలిసికొను బండ్లు వేళను గూడ వేయుననియు, గడియారములు కలియని చోట సొంత సంఖ్యయే నమ్మదగినదనియు అతడు చెప్పెను. మరియు కొన్ని వార్తలకు ఆయుర్దాయము గూడ వేసి పంపుదురట. గడువు మీరిన పొట్లమును నడుమనున్న బండియే ఆపివేయును.

ఇన్ని చెప్పిన పిదప అబద్ధపు వార్తల మాట చెప్పకున్న లోపమే యగును. తుపాను దినములలో "మరల అల వచ్చుచున్నది" అని యెవడో అరచినందున జనులు పరుగెత్తిన సంగతి మా అన్నయ్య ఇప్పటికిని చెప్పుచుందురు. బండ్లలోను ఎవడైన కొంటెవాడు "ముందు ప్రమాదము" అని పంపి రోడ్డు ఖాళీ చేయించుకొనవచ్చును. అందుచేత ప్రతి వార్తకును ఎవ్వరును దొంగిలింపరాని సంతకమొకటి చేర్చుదురు. సంతకమున్నచో ఎవరెక్కడికి పోవుచున్నారో పదిమందికిని తెలియును గదా యన్నచో, దానికిగాను మారుపేర్లు పెట్టి, కొంతసేపటికొకమారు వానిని మార్చుచుందురు. నిజము చెప్పవలెను, ఎవరు చెప్పిరో బయటపడరాదు. ఈ రెండును ఒక్కచోట పొసగించుట కష్టమని అతడే ఒప్పుకొనెను.

ఇవన్నియు రోడ్లమీదికి వచ్చినవని చదువరులు తలపవలదు. 1999లో అమెరికా ప్రభుత్వము ఈ పనికై 75 మెగాహెర్ట్‌జుల రేడియోస్థలమును కేటాయించెను. 2020లో అందులో 45 తీసి ఇతరములకిచ్చుటకు నిర్ణయించి, 30 మాత్రము మిగిల్చెను. నేటికిని బండ్లలో వాడుకకు వచ్చినది చాలవరకు ఒక్క గంతు వార్తయే, అనగా ప్రక్కబండి విని ఊరకుండునదే. చేతులు మారుచు దూరము పోవు వార్త ఎక్కువగా ప్రయోగశాలలలోను కంప్యూటరు నమూనాలలోను ఉన్నది. రైళ్ళ సంగతి కొంత మేలు. 2022 మార్చి 4వ తేదీన దక్షిణమధ్య రైల్వేలో గుల్లగూడ సమీపమున, ఒకే పట్టాపై ఎదురుగా మరియొక ఇంజనుండగా, రైల్వేమంత్రిగారు కూర్చుండిన ఇంజను 'కవచ్' అను ఏర్పాటుచే తనంత తానే 380 మీటర్ల ఇవతల నిలిచెను. అచ్చటను రేడియో మాటలే. అయితే రైలునకు పట్టా యున్నది, స్టేషను యున్నది. మా ఆటస్థలపు బండ్లకు అవి లేవు.

మా శిష్యుడు ఊరికి పోవునాడు మేమతనికి ఆ రెండు చీటీలను చూపితిమి. అతడు చాలసేపు చూచి, మడతలు చెడకుండ మరల మడచి ఇచ్చెను. ఏమియు అనలేదు. మంచి పిల్లవాడు.

ఆ మరుసటి వారము పిల్లలు మరల ఆ ఆట ఆడెదమనిరి. ఈసారి ప్రతి చీటి మూలను సంఖ్య వేయించితిమి. ఆ ఎనిమిదవ తరగతి బాలిక అడుగకయే వచ్చి వరుసలో నిలుచున్నది. ఆమెకు ఒకటవ సంఖ్య చీటి చిక్కెను. దారిలో ఎవరును కలియక, గ్రంథాలయము చుట్టి, చెమటలు గ్రక్కుచు ఆమె గంటస్తంభమును చేరునప్పటికి నాలుగవ సంఖ్య చీటి వచ్చి చాలసేపైనది. అచ్చటి బాలుడు ఆమె చీటి చూచి, "దీనికన్న పెద్దది వచ్చినది, ఇది చెల్లదు" అని ప్రక్కన పెట్టెను. ఆమె మావైపు తిరిగి, "అయితే నేనింత దూరము మోసికొని వచ్చినది వ్యర్థమేనా, మాస్టారండీ?" అని అడిగెను. మాకు వెంటనే మాట రాలేదు. ఆ చీటి మాకిమ్మని అడిగి పుచ్చుకొంటిమి. అంతలో ఇంటిగంట కొట్టిరి.